ఆర్మీలో చేరితే సిటిజన్‌షిప్ వస్తుందా? కావలి తమ్ముడి సందేహం

కావలి కుర్రాడు: అన్నలకి, అక్కలకి నమస్తే. మాది కావలి దగ్గర పల్లె. ఎమ్మెస్ కోసం డాలస్ వచ్చాను, ఎఫ్-1 వీసా. ఫ్రాన్స్‌లో పుట్టి ఇక్కడి సైన్యంలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ తెచ్చుకున్న ఫ్లోరెంట్ గ్రోబర్గ్ వీడియో చూశాను. ఆర్మీలో చేరితే సిటిజన్‌షిప్ తొందరగా వస్తుందని రూమ్మేట్ అంటున్నాడు. నేను ట్రై చెయ్యొచ్చా?

ఒంగోలు అన్న: కుదరదు తమ్ముడూ. కనీసం గ్రీన్‌కార్డు ఉండాలి. వీసా మీద ఉన్న డాక్టర్లనీ, కొన్ని భాషలు తెలిసినవాళ్లనీ తీసుకునే మావ్నీ అనే స్కీము 2008లో వచ్చింది, 2016లో ఆపేశారు. మీ రూమ్మేట్ విన్నది ఆ పాత కథే అయ్యుంటుంది.

ఇంకోటి. గ్రోబర్గ్ 2001లోనే సిటిజన్ అయిపోయాడు, ఆర్మీలో చేరింది 2008లో. కాగితాల కోసం పోయిన మనిషి కాదు. 2012 ఆగస్టు 8న అఫ్గానిస్తాన్‌లోని అసదాబాద్‌లో పెద్ద ఆఫీసర్లకి కాపలాగా నడుస్తున్నాడు. ఒకడు వెనక్కి వెనక్కి నడుస్తూ వీళ్ల వైపు వస్తున్నాడు, బట్టల కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. గ్రోబర్గ్ ఒక్క ఉదుటున పోయి వాణ్ని తోశాడు. చేతికి బాంబుల జాకెట్టే తగిలింది. ఇంకో సార్జెంటుతో కలిసి అవతలికి నెట్టేలోపు పేలింది. పక్కనే దాక్కున్న రెండోవాడి బాంబు కూడా ఆ దెబ్బకి ముందే పేలింది. అయినా నలుగురు పోయారు. ఇతని ఎడమ పిక్క సగం ఎగిరిపోయింది. మెడల్ ఇచ్చింది 2015 నవంబరులో. వీడియోలో చప్పట్లే కనిపిస్తాయి, ఆసుపత్రి కనిపించదు.

నెల్లూరు అక్క: రేపు గ్రీన్‌కార్డు వచ్చాక మళ్లీ ఈ ఆలోచన వస్తే ఒకటి గుర్తుపెట్టుకో నాయనా. విదేశీ సైన్యంలో ఉన్నవాళ్లకీ, చేసి రిటైరైనవాళ్లకీ మన ప్రభుత్వం ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇండియా వచ్చిపోయే కార్డు) ఇవ్వదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక అమ్మకి ఒంట్లో బాగలేదని ఫోనొస్తే, నువ్వు వీసా కోసం కూచోవాలి. ఈ సంగతి ఏ రిక్రూటరూ చెప్పడు, వాడికేం పని?

ఒంగోలు అన్న: అక్క చెప్పింది కరెక్టు. ఇంకా, ఏ ఫారంలోనూ పొరపాటున కూడా సిటిజన్ అని టిక్కు పెట్టొద్దు. ఆ ఒక్క టిక్కుతో గ్రీన్‌కార్డు ఆశ జన్మలో వదులుకోవాల్సి రావచ్చు. సరే, అసలు పని చూడు. కోర్సు అయిపోయే తేదీకి 90 రోజుల ముందు నుంచి ఓపీటీకి, అంటే చదువుకి సంబంధించిన ఉద్యోగం ఇక్కడ కొన్నాళ్లు చేసుకునే పర్మిషన్‌కి, అప్లై చెయ్యొచ్చు. నీ కోర్సు ఎప్పటితో అయిపోతుంది?