గల్లపెట్టెల దొరికిన స్మారక నాణేలు ఏరి దాసుకుంటే తప్పా?

గడియారం_సెంటర్ (నల్లగొండ):
ఒక పంచాయితీ ఉంది, మీరే తేల్చాలె. నేను క్లాక్ టవర్ దగ్గర ఒక మెడికల్ షాపుల పనిచేస్త, పదకొండేండ్లాయె. రాత్రి గల్లపెట్టె లెక్కవెట్టేటప్పుడు బొమ్మ వేరే ఉన్న బిళ్ళ కనవడితే నా జేబుల పైసలు అండ్ల ఏసి ఆ బిళ్ళ తీసుకుంట. రూపాయికి రూపాయి, దొంగతనం ఏం లేదు. మొదలు దొరికింది రైల్వేకు 150 ఏండ్లు నిండినయని 2003ల కొట్టిన రెండు రూపాయలది, ఏనుగు లాంతరు పట్టుకొని ఉంటది, చుట్టూ పదకొండు మూలలు, ఏలితోని తిప్పుకుంట కూసుంటే టైమే తెల్వదు. గా ఏనుగును చూసినంక ఇగ ఆగలే. ఇప్పటికి రెండు హార్లిక్స్ సీసాలు నిండినయి.

మొన్న సాయంత్రం ఒక పెద్దమనిషి షుగర్ గోలీలు కొన్నడు, ఏడు రూపాయలు తిరిగియ్యాలె, గల్లల ఒక్క బిళ్ళ లేదు. సేటు కౌంటర్ కింద చెయ్యి పెట్టి నా సీసా తీసి ధన్మని పైన పెట్టిండు, "ఊరోళ్ళు చిల్లర లేక సస్తుంటే నువ్వు ఊరగాయ పెడుతున్నవారా" అన్నడు, ఆ పెద్దమనిషి ముంగటనే. ఇజ్జత్ పోయింది. అప్పటిసంది అదే ఆలోచన. ఒకటి పెట్టుకుంటే హాబీ అంటరు, వంద పెట్టుకుంటే ఏమంటరు?

మిర్యాలగూడ_కిరాణం:
మీ సేటుకు నా తరఫున ఒక చాయ్ తాగిపియ్యి తమ్మీ. నాది ఇరవై రెండేండ్ల దుకాణం. పొద్దుగాల ఆరింటికి పాల పాకెట్లకు వచ్చేటోళ్ళంత నోట్లే ఇస్తరు, రెండు రూపాయలు లేవంటే చాక్లెట్ చేతుల పెట్టాలె, మా గల్లి ముసలమ్మ ఒకామె "నోట్లె పండ్లే లేవు కొడుకా ఈ చాక్లెట్ నేనేం జేసుకోవాలె" అంటది, ఏం చెప్తం. నూటికి తొంభై ఐదు బిళ్ళలే వస్తయి అంటే కూడ సరే అని కమిషన్ ఇచ్చి చిల్లర తెచ్చుకున్న రోజులున్నయి. ఫోన్‌పే వచ్చినంక జర నయం గని ముసలోళ్ళకు, పిల్లలకు బిళ్ళలే కదా. మీరు కలెక్షన్ అంటరు, మా దిక్కు దాన్ని చిల్లర దాపెట్టుడు అంటం.

స్టార్_గుర్తు (మహబూబ్‌నగర్):
కిరాణం అన్నా, నీ బాధ కరెక్టే కానీ దోషి మాత్రం వేరే. రెండు సీసాలతో నల్లగొండలో చిల్లర కరువు రాదు. ప్రతి ఇంట్లో గల్లగురిగి ఉంది, గుడి హుండీలు ఉన్నాయి, వాడపల్లి కాడ కృష్ణ దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి ఏసే రూపాయలు ఉన్నాయి, వాటిని ఎవరూ అడగరు. బొమ్మ చూసి దాచుకున్నోడు దొరికిపోతాడు అంతే.

ఇంకో మాట. స్మారక నాణెం అంటే అదేదో అరుదైన వస్తువు అనుకోవద్దు. మన దేశంలో ఇవి 1964లో నెహ్రూ బొమ్మతో మొదలైనయి, ఆ తర్వాత చాలా రకాలు మామూలు చిల్లరలోకే వదిలారు. 1991 రాజీవ్ గాంధీ రూపాయి బిళ్ళ మన చిన్నప్పుడు ఎంతమంది చేతుల్లో తిరిగిందో. కాబట్టి దాచుకుంటే తెలివిగా దాచుకోవాలి. సంవత్సరం కింద చూడు, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాలది, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే బొమ్మ, వేరే టంకశాల, అప్పుడు రెండోది పెట్టుకోవడానికి కారణం ఉంటుంది. నేను పదేళ్ళుగా నక్షత్రం ఉన్నవే ఏరుతున్నా, హైదరాబాద్ టంకశాల ఉన్న చర్లపల్లిలో పుట్టిన బిళ్ళ పాలమూరు కూరగాయల మార్కెట్లో నా చేతికి వచ్చిందంటే అదో సంతోషం, మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. తమ్ముడూ, నీ సీసాల్లో ఒకే రకానివి ఎన్ని ఉన్నాయి? అది చెప్పు ముందు.

పాలమూరు_పోరడు:
భయ్యా ఎవరి మాట ఇనకు దాపెట్టు. మాతా వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు పది లక్షలు ఇస్తరని వీడియోల చూసిన, మా దోస్తుగానికి రెండు దొరికినయి, వాడు అమ్ముదామని ఫోన్ చేసిండు, రిజిస్ట్రేషన్‌కు పదిహేను వందలు కట్టుమన్నరు

స్టార్_గుర్తు:
కట్టొద్దని చెప్పు, ఇప్పుడే చెప్పు. అది 2012 నాణెం, చిల్లరలోనే వచ్చింది, కలెక్షన్ చేసేటోళ్ళు ముఖవిలువ కంటే కొంచెం ఎక్కువ ఇస్తారేమో కానీ లక్షలు ఎవరూ ఇవ్వరు. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది, తమ పేరు చెప్పి పాత నోట్లు, నాణేల అమ్మకానికి ఫీజులు, కమిషన్లు, పన్నులు అడిగేవాళ్ళంతా మోసగాళ్ళని. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు చూడు, ఇక్కడ కోడి కూడా లేదు, ఉత్త మసాలాకే పదిహేను వందలు.

పాలమూరు_పోరడు:
కట్టిండు భయ్యా ఆల్రెడీ 😭

కొండమల్లేపల్లి_అక్క:
నేను ఇంకో సంగతి చెప్త, ఎవ్వరూ ఏమనుకోవద్దు. మా అమ్మ గల్లగురిగిల పది రూపాయల బిళ్ళలు ఏసుకుంట వచ్చింది, బతుకమ్మకు చీర కొనుక్కుందామని, పగలగొట్టి చూస్తే ఎనభై నాలుగు ఉన్నయి. తీస్కపోతే బట్టల దుకాణాయన వద్దన్నడు, "గివి నడుస్తలేవమ్మా" అన్నడు. కిరాణం పోతే అదే మాట. బ్యాంకుకు పోతే ఇయాల కాదు రేపు రా అన్నరు, రేపు పోతే మళ్ళ రేపు. ఆ ఎనభై నాలుగుల ఒక పదిహేను వరకు బొమ్మలవి, అంబేద్కర్ సార్‌ది 125 ఏండ్ల బిళ్ళ ఉంది, యోగాది ఉంది, పార్లమెంటు 60 ఏండ్లది ఉంది. బొమ్మ మారితే దొంగ బిళ్ళ అని మనోళ్ళకు అనుమానం, రూపాయి గుర్తు ఉన్నది మంచిది లేనిది దొంగది అని ఎవడో పుట్టిచ్చిండు. రిజర్వ్ బ్యాంకోళ్ళు 2018ల స్పష్టంగ చెప్పిన్రు పది రూపాయలవి 14 డిజైన్లు, అన్నీ చెల్లుతయని. చెప్తే ఎవరింటరు. ఇగ చెప్పున్రి, దాపెట్టింది మా అమ్మనా, తీసుకోనోళ్ళా? కిరాణం అన్నా నువ్వు పది బిళ్ళ తీసుకుంటవా?

మిర్యాలగూడ_కిరాణం:
అక్కా అబద్ధం ఎందుకు, మూడేండ్ల కింద దాక తీసుకోలే. నేను తీసుకుంటే నా దగ్గర హోల్‌సేలోడు తీసుకోడు, నా గల్లల కుప్ప పడతయి. ఇప్పుడు తీసుకుంటున్న.

రిటైర్డ్_క్యాషియర్ (వనపర్తి):
ముప్పై ఏళ్ళు కౌంటర్లో కూర్చుని నాణేల సంచులు కుట్టించిన వాణ్ణి, ఒక మాట. రేపు రమ్మనడం మావాళ్ళ తప్పే, నాణేలు లెక్కపెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ తీసుకోవాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. 2011 నాణేల చట్టం 12వ సెక్షన్ ఒకసారి చదవండి. నాణేలు కరిగించకూడదు, పాడు చేయకూడదు, అది అందరికీ తెలుసు. దాంతోపాటు, ముఖవిలువ కాకుండా వేరే ధరకు అమ్మే ఉద్దేశంతోనో కరిగించే ఉద్దేశంతోనో తన మామూలు అవసరానికి బాగా మించి నాణేలు దగ్గర పెట్టుకోకూడదు అని కూడా ఉంది. ఏది మామూలు అవసరం అంటే రోజువారీ ఎంత చిల్లర కావాలి, చేసే వ్యాపారం ఏమిటి, నాణేలు ఎలా వచ్చాయి, ఎన్ని, ఎక్కడ పెట్టారు, ఇవన్నీ చూస్తారు. శిక్ష ఏడేళ్ళ దాకా ఉండొచ్చు, జరిమానా కూడా. హార్లిక్స్ సీసా కోసం పోలీసులు రారు లెండి, భయపడొద్దు. ఈ నిబంధన వెనుక కథ వేరే, పాత బరువు అయిదు రూపాయల బిళ్ళ తొమ్మిది గ్రాముల రాగి-నికెల్, లోహం కోసం వాటిని సరిహద్దు దాటించి బ్లేడ్లు చేసేవాళ్ళని అప్పట్లో పేపర్లలో చదివాం. కానీ "రేటు పెరుగుతుంది, ఉంచుదాం" అని ఒకే రకం బిళ్ళలు వందల్లో పోగేసేవాణ్ణి నేనైతే కలెక్టర్ అనను, వాడు వ్యాపారి. వ్యాపారి అయితే చట్టం వాడికీ ఉంది.

సూర్యాపేట_బస్టాండ్:
సార్లూ దాపెట్టుడు మన జిల్లాల కొత్తది కాదు 😄 2024 మార్చిల ఫణిగిరి బౌద్ధ స్థలం తవ్వకాల్ల ఒక మట్టికుండ దొరికింది, అండ్ల 3,730 సీసం నాణేలు, ఇక్ష్వాకుల కాలంవి, ఒక దిక్కు ఏనుగు, ఇంకో దిక్కు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసలకు గుండ్రాలున్న కూడిక గుర్తు లాంటిది. ఏనుగు అంటే యాదికొచ్చింది, గడియారం తమ్ముడు కూడా ఏనుగును చూసే మొదలువెట్టిండు కద. ఆ కుండ పాతినోడు అప్పుడు ఊర్ల చిల్లర కొరత తెచ్చిండో లేదో ఎవరికి ఎరుక, ఇయాల మనం చరిత్ర అంటున్నం.

మిర్యాలగూడ_కిరాణం:
అంటే తమ్ముని సీసా రెండు వేల ఏండ్లు ఆగితే మ్యూజియంల పెడ్తరు, అప్పటిదాక నేను చాక్లెట్లు పంచాలె, అంతేనా

పాలమూరు_పోరడు:
ఎన్టీఆర్ బిళ్ళ చిల్లరల వస్తదా

స్టార్_గుర్తు:
రాదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసింది వంద రూపాయల వెండి మిశ్రమం నాణెం, మన హైదరాబాద్ టంకశాలదే, కానీ డబ్బాలో పెట్టి వందకు చాలా రెట్లు ఎక్కువకు అమ్మారు. దాన్ని కొనుక్కున్నోడి మీద ఎవరికీ కోపం ఉండదు చూడు, ఎవరి చిల్లరా ఆగలేదు కాబట్టి. నాకైతే అట్లాంటివి ఇష్టం లేదు, చేతులు మారని నాణెం నాణెమేంది.

గడియారం_సెంటర్:
అందరికీ దండాలు. రాత్రి రెండు సీసాలు చాప మీద ఒంపి లెక్కవెట్టిన, మా చిన్నోడు కుప్పలు పెట్టిండు. పది రూపాయలవి 61, అయిదువి 93, రెండువి 118, రూపాయివి 75. మొత్తం 347 బిళ్ళలు, 1,386 రూపాయలు. రకాలు మాత్రం 38. అంటే మిగిలిన 309 ఎందుకు పెట్టుకున్ననో నాకే తెల్వదు. దండి సత్యాగ్రహం అయిదు రూపాయలవే 14 ఉన్నయి! స్టార్ అన్న చెప్పినట్టు నక్షత్రం, డైమండ్, చుక్క చూసుకుంట మళ్ళ ఏరితే ఇంకో 29 ఉంచుకోబుద్ధయింది. మిగిలినయి, అంటే 280, ఇయాల పొద్దుగాల షాపు గల్లల ఏసి నోట్లు తీసుకున్న. సేటు ఏమనలే, ఉత్తగ నవ్విండు.

మొదలొచ్చిన గిరాకికే పదిహేను తిరిగియ్యాలె. ఒక పది బిళ్ళ, ఒక అయిదు బిళ్ళ ఇచ్చిన. అయిదుది జేబుల ఏసుకున్నడు, పదిది కౌంటర్ మీద పెట్టి ఎనుకకు నూకిండు. "బొమ్మ వేరే ఉంది, నోటు ఇయ్యి" అన్నడు.

కొండమల్లేపల్లి_అక్క:
😂😂 చెప్పిన కద

మిర్యాలగూడ_కిరాణం:
తమ్మీ ఆ పది బిళ్ళలన్నీ నాకే ఇయ్యి. ఆదివారం నల్లగొండ వస్త, నోట్లు తెస్త. కమిషన్ మాత్రం అడగకు.