45 వేలలో రోడ్ బైక్: రేపు పార్ట్స్ మార్చుకోవాలంటే ఏది?

నార్సింగి రైడర్:
వారం మధ్యలో హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సోలార్ సైకిల్ ట్రాక్, అప్పుడప్పుడు వికారాబాద్ అనంతగిరి గుట్ట. రెండు చూశాను, ధర ఒకటే. ఒకటి 7 స్పీడ్ (వెనక ఏడు పళ్లచక్రాలు), కార్బన్ ఫోర్క్ (ముందు వీల్‌ని పట్టే భాగం). రెండోది 8 స్పీడ్ క్లారిస్ (షిమానో గేర్ల సెట్), స్టీల్ ఫోర్క్, రిమ్ బ్రేకులు. రెండేళ్లలో గేర్లు, వీల్స్ మార్చాలనుంది. ఏది తీసుకోమంటారు?

చైన్‌రింగ్:
రెండోదేనండి, ఒక పరీక్ష పెట్టాక. వెనక వీల్ పైకెత్తి పెడల్ వెనక్కి తిప్పండి. చిన్న పళ్లచక్రం పక్కనున్న లాక్‌రింగ్ (బిగింపు రింగ్) పళ్లతో పాటు తిరిగితే ఫ్రీహబ్, అంటే వెనక్కి తిరిగే యంత్రం హబ్‌లోనే (వీల్ నడిబొడ్డులోనే) ఉంటుంది, పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్) దాని మీద ఎక్కుతుంది. పళ్లు తిరుగుతూ నడిమి భాగం కదలకపోతే ఫ్రీవీల్ (పళ్లు, ఆ యంత్రం ఒకే ముక్కగా హబ్‌కి మరలా బిగించేది), వదిలేయండి. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది. ఇరుసు చివరకి ఆసరా ఉండదు, గుంతల్లో వంగేది అక్కడే. 7 స్పీడ్ బైకుల్లో ఎక్కువగా ఉండేది ఇదే.

8 స్పీడ్ ఫ్రీహబ్ మీద సోరా (క్లారిస్‌కి పై మెట్టు) 9 స్పీడ్ క్యాసెట్ నేరుగా కూర్చుంటుంది. షిఫ్టర్ (గేరు మార్చే లివర్) కేబుల్‌ని ఎంత లాగుతుందన్న కొలత కూడా ఒకటే, కాబట్టి వెనక గేర్లకి షిఫ్టర్, క్యాసెట్, చైన్ చాలు, డిరైలర్ (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) అదే ఉంచొచ్చు. ఇంకో మెట్టు పైనున్న టియాగ్రా 4700కి (10 స్పీడ్) మాత్రం ఆ కొలత వేరు, డిరైలర్ కూడా కొనాలి. 11 స్పీడ్ రోడ్ క్యాసెట్‌కి ఫ్రీహబ్ 1.85 మి.మీ. ఎక్కువ వెడల్పుండాలి, అంటే కొత్త వీల్. 11 స్పీడ్‌లోనే షిమానో 11-34 (11 నుంచి 34 పళ్ల) హెచ్‌జీ700 క్యాసెట్ మాత్రం పాత ఫ్రీహబ్ మీద ఎక్కుతుంది.

టైర్ లివర్:
ఫోర్క్ చూసి మోసపోవద్దు, అది తర్వాత మార్చుకోవచ్చు. ఫ్రేమ్ మారదు. హెడ్‌ట్యూబ్ (ఫోర్క్ దూరే ఫ్రేమ్ గొట్టం) కింద వెడల్పుగా, టేపర్డ్‌గా ఉంటే కార్బన్ ఫోర్కులు ఎక్కువ దొరుకుతాయి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు బేరింగులు) మరల రకం అయితే మంచిది, ప్రెస్‌ఫిట్ (నొక్కి బిగించేది) కొన్నిసార్లు కిర్రుమంటుంది. 28 మి.మీ. టైర్ పట్టాలి. వెనక డ్రాపౌట్ల (వీల్ ఇరుసు కూర్చునే ఫ్రేమ్ చీలికలు) మధ్య 130 మి.మీ. ఉంటే రిమ్ బ్రేక్ వీల్స్ సులభంగా దొరుకుతాయి. డిస్క్ బైక్ అయితే 142 మి.మీ. థ్రూ యాక్సిల్ (ఫ్రేమ్‌లోంచి దూర్చి బిగించే ఇరుసు) చూడండి, 135 మి.మీ. క్విక్ రిలీజ్‌కి (లివర్‌తో బిగించే రకం) మంచి వీల్స్ తక్కువ.

నార్సింగి రైడర్:
గుట్టకి ముందు 50/34 పళ్లు, వెనక 11-28 సరిపోతుందా?

చైన్‌రింగ్:
కొత్తలో కష్టం. డిరైలర్ లాంగ్ కేజ్ (పొడవు చేయి రకం) అయితే 11-32 వేయించండి. చైన్ పొడవు మరిచిపోవద్దు: డిరైలర్‌లోంచి కాకుండా ముందు పెద్ద చైన్‌రింగ్, వెనక పెద్ద పళ్లచక్రం చుట్టూ చైన్ చుట్టి, రెండు లింకులు కలపాలి. పొట్టి చైన్‌తో ముందు పెద్దది, వెనక పెద్దది వేస్తే హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టే ముక్క) విరిగి, డిరైలర్ స్పోకుల్లో పడుతుంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కోలా ఉంటుంది, బైక్‌తో పాటే ఒకటి అదనంగా కొని పెట్టుకోండి.