క్రియాటినిన్ 1.2 వస్తే 'నార్మల్' అని రాసి పంపేయొచ్చా?

సోంపేట సిస్టర్:
విసర్జక వ్యవస్థ పాఠం మళ్ళీ తిరగేస్తుంటే మా బ్యాచ్‌లో లేచిన తగువు ఇది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, శిబిరం పెడితే రక్తం తీసి సీరం క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి బయటికి పంపే వ్యర్థం, డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో) చూస్తారు. 1.2 వస్తే స్లిప్పు మీద నార్మల్. కొందరు అది చాలంటున్నారు. కొందరు ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్, వయసు, లింగం బట్టి లెక్కగట్టే కిడ్నీ వడపోత అంచనా, నిమిషానికి మిల్లీలీటర్లలో) కట్టకుండా ఆ మాట రాయకూడదంటున్నారు. మీరేటంటారు?

పలాస ల్యాబ్:
శిబిరానికి చాలు. ఒక్క సూది, తక్కువ ఖర్చు, సాయంత్రానికి రిపోర్టు. ఈజీఎఫ్ఆర్ 58 అని చేతిలో పెడితే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు. నీళ్ళు తాగకుండా ఎండలో నడిచి వచ్చినా, ముందురోజు రాత్రి మాంసం తిన్నా విలువ కాస్త పెరుగుతుంది. మళ్ళీ చూస్తే మామూలు. ఆ మాత్రం దానికి ఊరందరినీ హడలగొట్టాలేటి?

ఫిజియాలజీ మాస్టారు:
హడలు సంగతి తర్వాత. ముందు ఆ 1.2 ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. క్రియాటినిన్ కండరంలో పుడుతుంది, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో. వడపోత సగానికి పడిపోతే అది రక్తంలో పేరుకుని, రెట్టింపు దగ్గర నిలబడుతుంది. సన్నటి ఆడమనిషికి 0.6 ఉండేదనుకోండి. సగం వడపోత పోయాక 1.2. స్లిప్పు మీద ఇంకా నార్మలే! ఉన్నదాంట్లో మరో సగం పోతే 2.4, ఆపైన 4.8. అంటే మొదటి సగం చడీచప్పుడు లేకుండా పోతుంది. పైగా క్రియాటినిన్‌లో కొంత భాగాన్ని వృక్క నాళికలే (కిడ్నీలోని సన్నటి గొట్టాలు) నేరుగా మూత్రంలోకి స్రవిస్తాయి కాబట్టి తొలి పెరుగుదల ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది.

ఈజీఎఫ్ఆర్ కట్టే 2021 సీకేడీ-ఎపి సూత్రంలో అదే 1.2 వేసి చూడండి. 25 ఏళ్ళ కుర్రాడికి 86 వస్తుంది. 60 ఏళ్ళ ఆవిడకి 52. ఇద్దరి స్లిప్పుల మీదా ఒకే మాట రాస్తారా? దీనికి రెండో సూది అక్కర్లేదు, వయసూ లింగమూ రాసుకుంటే ఫోన్‌లోనే లెక్క వస్తుంది.

సోంపేట సిస్టర్:
మాస్టారూ, 'మూత్రం బాగానే అవుతోంది కదమ్మా, ఇంక కిడ్నీకేటి?' అని అడుగుతారు. ఏం చెప్పాలి?

ఫిజియాలజీ మాస్టారు:
వడపోత నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకి 180 లీటర్లు. అందులో బయటికి వచ్చేది లీటరున్నర, మిగతాదంతా నాళికలు వెనక్కి లాగేసుకుంటాయి. వడపోత నాలుగో వంతుకి, అంటే 45 లీటర్లకి పడినా, వెనక్కి తీసుకునేది తగ్గితే ఆ లీటరున్నర అలాగే వస్తుంది. చెంబు నిండుతోందని వడపోత బాగున్నట్టు కాదు.

ఇంకా తిరకాసు ఉంది. ఆరోగ్యంగా ఉన్న వృక్కం మూత్రాన్ని లీటరుకి 1200 మిల్లీఆస్మోల్స్ (కరిగి ఉన్న పదార్థాల కొలత) దాకా చిక్కబరచగలదు. రోజుకి 600 మిల్లీఆస్మోల్స్ వ్యర్థాలకి అరలీటరు నీళ్ళు సరిపోతాయి. వృక్కం లోపలి మజ్జ భాగం దెబ్బతిని 300 దగ్గరే ఆగిపోతే అదే వ్యర్థానికి రెండు లీటర్లు కావాలి. అందుకే రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. రోగి దాన్ని 'బాగా అవుతోంది' అనుకుంటాడు.

ఇచ్చాపురం ఫార్మసీ:
రెండు పక్కలా ఒక మాట వదిలేశారు. జీడితోట పని చేసి వచ్చాక ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ వేసుకోవడం ఇక్కడ మామూలే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు గ్లోమెరులస్‌కి (రక్తాన్ని వడపోసే నాళాల గుచ్ఛానికి) రక్తం తెచ్చే అభివాహి ధమనిక ముడుచుకుపోకుండా తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఈ మాత్ర వాటినే ఆపేస్తుంది. బీపీకి ఎనలాప్రిల్ లాంటిది కూడా వాడుతుంటే రక్తాన్ని బయటికి తీసుకుపోయే అపవాహి ధమనిక వదులవుతుంది. లోపలికి వచ్చే దారి సన్నం, బయటికి పోయే దారి వెడల్పు, గ్లోమెరులస్‌లో ఒత్తిడి పడిపోతుంది. దాంతోపాటు నీరు పోయే మాత్ర కూడా ఉంటే మరీ ప్రమాదం. అలా పెరిగిన క్రియాటినిన్ నిజమైన దెబ్బే, కాకపోతే తొందరగా చూసుకుంటే చాలామందిలో దిగుతుంది. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ సంగతి వేరు. అది నాళికల స్రావాన్ని అడ్డుకుంటుంది, వడపోత తగ్గకుండానే అంకె పెరుగుతుంది. కాబట్టి స్లిప్పు రాసేముందు 'ఈ వారం ఏ మాత్రలు వేసుకున్నారు?' అని అడగాలి. సూత్రం గురించి కొట్టుకోవడం ఆ తర్వాత.

బొబ్బిలి బ్యాచ్:
మాస్టారి లెక్కకి నాదో అడ్డు ప్రశ్న. 75 ఏళ్ళ తాతకి 1.3 ఉంటే అదే సూత్రం 57 ఇస్తుంది. 60 కంటే తక్కువ కాబట్టి జబ్బు అంటారా? నలభై దాటాక ఏడాదికి సుమారు ఒక మిల్లీలీటరు తగ్గడం వయసు లక్షణమే కదా. ఉద్దానం భయంతో ముసలివాళ్ళందరికీ ముద్ర వేసేస్తే ఎలా?

ఫిజియాలజీ మాస్టారు:
అది న్యాయమైన మాటే, నెఫ్రాలజిస్టుల్లో కూడా దానిమీద ఏకాభిప్రాయం లేదు. అందుకే ఒక్క పరీక్షతో పేరు పెట్టకూడదు. ఈజీఎఫ్ఆర్ ఒక్కటే చూసుకుంటే, అది 60 కంటే తక్కువగా కనీసం మూడు నెలలు నిలబడితేనే దీర్ఘకాలిక జబ్బు అనాలి. నాకు పట్టింపు ఆ తాత మీద లేదు, 35 ఏళ్ళకే 70 చూపించినవాడి మీద ఉంది. సంఖ్య 60 పైనే కాబట్టి అందరూ వదిలేసేది వాణ్ణే.

పలాస ల్యాబ్:
సరే, వయసు రాసుకుంటాం. మరైతే మూత్రం పట్టీ ముంచి చూస్తే సరిపోదా? అదింకా చవక.

ఫిజియాలజీ మాస్టారు:
దాన్ని నమ్ముకోకండి. పట్టీ ముఖ్యంగా పట్టేది అల్బుమిన్ అనే ప్రోటీన్‌ని. షుగర్ జబ్బులో అది ముందే దిగుతుంది. ఉద్దానం రోగుల బయాప్సీల్లో ఎక్కువగా కనబడింది నాళికలకీ వాటి మధ్య కణజాలానికీ దెబ్బ. అలాంటప్పుడు అల్బుమిన్ చాలాకాలం పెద్దగా దిగదు. పట్టీ శుభ్రంగా ఉంటుంది, వడపోత మాత్రం జారుతూ ఉంటుంది. పట్టీ వాడితే పొద్దున్న మొదటి మూత్రంలో సాంద్రత కూడా చూడండి. పడుకునే ముందు నీళ్ళు పెద్దగా తాగకపోయినా మాటిమాటికీ 1.010 దగ్గరే ఉంటే వృక్కం చిక్కబరచలేకపోతోందని అనుమానించాలి.

ఇంకొకటి, మీ ల్యాబులో క్రియాటినిన్ కొలిచేది జాఫే పద్ధతా (రంగు మార్పుతో), ఎంజైమ్ పద్ధతా? జాఫేలో కీటోన్లు, గ్లూకోజు ఎక్కువైతే అంకె పెరుగుతుంది, బిలిరుబిన్ ఎక్కువైతే తగ్గుతుంది.

పలాస ల్యాబ్:
జాఫేనండి. అందుకే మొదట్నుంచీ ఒక్క సంఖ్య మీద ముద్ర వద్దంటున్నాను.

సోంపేట సిస్టర్:
అయితే మా స్లిప్పు ఇలా మారుస్తున్నాం: వయసు, లింగం, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, ఈ వారం వాడిన మాత్రలు, మళ్ళీ రావలసిన తేదీ. 'నార్మల్' అనే గడి కొట్టేశాం. బొబ్బిలి వాళ్ళు అడిగిన ముసలివాళ్ళకి హద్దు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు, దానిమీద రాసేవాళ్ళు కింద రాయండి.