చార్టు మీద జెండా: చక్రం ఎంత పెద్దగా గీయాలి?

ప్రశ్న:
మా పాప ఆరో తరగతి. చార్టు మీద జెండా గీసి, కింద పింగళి వెంకయ్య గారి గురించి నాలుగు లైన్లు రాసుకురమ్మన్నారు. చక్రం తెల్ల పట్టీలో ముప్పావు వంతే ఉండాలని ఒకరు, పట్టీ అంచులకు తాకాలని ఇంకొకరు అంటున్నారు. ఏది కరెక్ట్? ఇంకోటి, ఈ చక్రం జెండా వెంకయ్య గారు గీసిందేనని పాప రాస్తే, వాళ్ల తాతయ్య కాదంటున్నారు. రేపే ఇవ్వాలి, ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు:
రెండూ కాదండీ. ప్రభుత్వ కొలతల్లో తొమ్మిది సైజులున్నాయి, అన్నీ 3:2 లెక్కనే. మీ చార్టుకు 450 × 300 మి.మీ. సరిపోతుంది. అంటే పొడవు 45 సెం.మీ., ఒక్కో పట్టీ 10 సెం.మీ., చక్రం వ్యాసం 9. పైనా కిందా అర సెంటీమీటరు తెలుపు మిగలాలి. కంపాస్ 4.5కి తెరవండి.

ఆకులు 24. ఒక్కొక్కటిగా గీయనివ్వకండి, మావాడికి ఓసారి 23 వచ్చాయి! డి (కోణమానిని) పెట్టి 15 డిగ్రీలకో చుక్క పెట్టించి, మధ్య బిందువు మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి 12 గీతలు లాగిస్తే చాలు. రంగు ముదురు నీలం, ఆకాశ నీలం స్కెచ్ వద్దు.

మరో జవాబు:
తాతయ్య గారు చెప్పింది నిజమే. అలాగని వెంకయ్య గారి పేరు తీసేయకండి. ఆయన 1916లోనే జాతీయ జెండా గురించి పుస్తకం అచ్చువేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీ అడిగితే ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నంతో నమూనా గీసిచ్చారు. తెలుపు తర్వాత గాంధీజీ చేర్పించింది. ఎరుపు పోయి కాషాయం పైకి వచ్చింది 1931లో. అప్పటికీ మధ్యలో రాట్నమే.

చక్రం వచ్చింది 1947 జూలై 22న, రాజ్యాంగ సభలో. రాట్నం ఎందుకు తీశారో నెహ్రూ అక్కడే చెప్పారు: దానికి ఒకవైపు చక్రం, ఇంకోవైపు కదురు ఉంటాయి కదా, జెండా వెనక నుంచి చూస్తే బొమ్మ అటుదిటు అయిపోతుంది. చక్రం ఎటు చూసినా ఒకటే. అందుకని రాట్నంలోని చక్రాన్నే ఉంచి, రూపం మాత్రం సారనాథ్ అశోక స్తంభం నుంచి తీసుకున్నారు. పాపని ఈ సంగతే రాయమనండి, పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. ‘నేటి జెండాకు మూలమైన 1921 నమూనా వెంకయ్య గారిది’ అంటే తాతయ్య గారూ ఒప్పుకుంటారు.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. 24 ఆకులూ వచ్చాయి! గోడ మీద స్థలం లేక నిలువుగా అంటిస్తారట, పర్లేదా?

జవాబు:
పర్లేదు. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి కాషాయం ఎడమ చేతి వైపు ఉండాలి. పాప రాసిన లైన్లు మాత్రం వేరే కాగితం మీద రాయించి పక్కన అంటించండి, జెండా మీద అక్షరాలు ఉండకూడదు.