అప్‌డేట్: ‘ఆడిషన్’కి తెలుగు మాట దొరికింది, సగం

మా అపార్ట్‌మెంట్ సంక్రాంతి నాటకానికి నోటీసు రాయాలి, ‘ఆడిషన్’ని తెలుగులో ఏమనాలి అని మొన్న అడిగాను కదా. ఎక్కువమంది ‘నటుల ఎంపిక’ అన్నారు, ఒకరిద్దరు ‘స్వర పరీక్ష’ అన్నారు.

నల్లకుంటలో ఉండే మా పెదనాన్నని అడిగితే, స్వర పరీక్ష గొంతుకి, రేడియోకి సరిపోతుంది, అక్కడ ఆడిషన్ పాసైతే బీ, బీ హై, ఏ అని గ్రేడులిస్తారు, నువ్వు పిలిచేది వేషానికి కదరా అన్నారు. నిజమే. కానీ ఆ ఇంగ్లిషు మాట కూడా లాటిన్‌లో ‘వినడం’ నుంచి వచ్చిందే, అంటే మొదట్లో అదీ చెవి వ్యవహారమే! ‘పూర్వాభ్యాసం’ అన్నవాళ్లకి: అది రిహార్సల్ అండీ, వేషం దొరికాక చేసేది. ‘అరంగేట్రం’ ఇంకా తర్వాత. స్క్రీన్ టెస్ట్ అంటే కెమెరా ఉండాలి, మా దగ్గర లేదు.

చివరికి లిఫ్ట్ పక్కన ‘నటీనటుల ఎంపిక, ఆదివారం పదింటికి, సెల్లార్‌లో’ అని అంటించాను. తెల్లారేసరికి దాని కింద ఎవరో పెన్నుతో ‘అంటే ఆడిషనా?’ అని రాశారు. పోనీలే అని ‘వేషాలకి ఆడిషన్’ అని మార్చాను, కానీ అప్పటికే మూడో ఫ్లోర్ ఆంటీ అది అసోసియేషన్ ఎలక్షన్ అనుకుని, ఆదివారం మెయింటెనెన్స్ రసీదులతో సహా దిగారు. వచ్చారు కదా అని ఆవిడ చేతిలో కాగితం పెట్టి నాలుగు డైలాగులు చదివించాం. అత్తగారి వేషం ఆవిడదే.