120 రోజులు ఏ తేదీ నుంచి? అబార్షన్‌పై ఇస్లాం, ఇతర మతాల మాట – చర్చ

ధర్మాబాద్_మందులషాపు
ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ – నాందేడ్ జిల్లాలో మన తెలుగోళ్ళుండే తాలూకాలన్నిట్లో ఇదే తికమక. సోనోగ్రఫీలో పిండానికి పెద్ద లోపం కనబడ్డది. డాక్టరమ్మ “19 వారాలు నడుస్తున్నయ్, చట్టం ప్రకారం ఇంకా టైమున్నది” అంటది. ఇంట్లో పెద్దలు “నాలుగు నెలలు దాటినయ్, రూహ్ (ఆత్మ) వచ్చేసింది, ఇప్పుడు ముట్టుకుంటే హరామ్ (నిషిద్ధం)” అంటరు. ముఫ్తీ సాబ్ (మతతీర్పు చెప్పే పండితుడు) “120 రోజుల లోపలైతే కారణం చూసి చెప్తా” అంటరు. ముగ్గురివి మూడు క్యాలెండర్లు. అసలు లెక్క ఏంది? హిందూ, క్రైస్తవ, సిక్కు ఇండ్లల్ల ఏం పాటిస్తరు? తెలిసినోళ్ళు రాయండి. సొంత కథలు వద్దు, నియమాలు, తేదీలు కావాలె.

దెగ్లూర్_ఫిఖ్
ముందు 120 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఖుర్ఆన్ 23వ సూరా 12–14 ఆయత్‌లలో పిండం దశలు ఉన్నాయి: నుత్ఫా (వీర్యబిందువు), అలఖా (అతుక్కున్న గడ్డ), ముద్గా (మాంసపు ముద్ద), ఆపైన ఎముకలు, మాంసం, చివరికి “మరో సృష్టి”. అక్కడ రోజుల లెక్క లేదు. అది హదీసులో (ప్రవక్త మాటల నమోదులో) ఉంది. అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్ చెప్పినది బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంపుటాలలోనూ ఉంది. ఒక్కో దశకు నలభై రోజులు, తర్వాత దైవదూత వచ్చి రూహ్ ఊదుతాడు. మూడు నలభైలు 120. ముస్లింలోనే ఇంకో హదీసు 42 రాత్రులకే దూత వస్తాడంటుంది. 40 రోజుల దగ్గరే గీత గీసిన పండితులు దీన్ని పట్టుకున్నవాళ్ళే.

ఇక మజ్హబ్‌ల (సున్నీ ధర్మశాస్త్ర శాఖల) వారీగా. హనఫీలలో చాలామంది 120 రోజుల లోపల సరైన ఉజ్ర్ (ఒప్పుకోదగిన కారణం) ఉంటే అనుమతిస్తారు, లేకపోతే తప్పే. “120 లోపల ఇష్టమొచ్చినట్టు” అనడం హనఫీ మాట కాదు. మాలికీలు అందరికన్నా గట్టి. వీర్యం గర్భాశయంలో నిలిచాక తీయకూడదన్నది వాళ్ళలో ఎక్కువమంది మాట, 40 రోజుల లోపల ఒప్పుకున్నది కొందరే. హంబలీలలో 40 రోజుల వరకు వెసులుబాటు ఇచ్చినవారు ఉన్నారు. షాఫియీలు తమలో తామే ఏకం కాలేదు. ఆ మజ్హబ్ పెద్ద గజాలీ (మరణం 1111) మొదటి రోజు నుంచే తప్పన్నాడు, పిండం పెరిగేకొద్దీ పాపం పెరుగుతుందన్నాడు. గర్భం రాకుండా జాగ్రత్తపడే అజ్ల్‌ను మాత్రం దీంతో కలపలేదు.

120 దాటాక నాలుగు మజ్హబ్‌లదీ దాదాపు ఒకటే మాట: తీయకూడదు. తల్లి ప్రాణం పోవడం ఖాయమని నమ్మకమైన డాక్టర్లు చెబితే తీయొచ్చని నేటి ముఫ్తీలలో ఎక్కువమంది అంటారు. తల్లి వేరు, బిడ్డ కొమ్మ, కొమ్మ కోసం వేరును పోగొట్టుకోమని వాళ్ళ వాదన.

కిన్వట్_సిస్టర్
లెక్క నేను చెప్త. ఇక్కడనే అందరు తప్పుతరు.

డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అప్పటికి కడుపు పడనే లేదు, పడేది సుమారు రెండు వారాల తర్వాత. ఫిఖ్ (ఇస్లాం ధర్మశాస్త్రం) లెక్క కడుపు పడ్డ రోజు నుంచి. అందుకే 120 రోజులకు 14 కలపాలె, 134 రోజులు. అంటే దవాఖాన లెక్కల 19 వారాల 1 రోజు. 40 రోజుల గీత 7 వారాల 5 రోజుల కాడ పడ్తది, 42 రాత్రులది సరిగ్గ 8 వారాలకు.

సోనోగ్రఫీ కాగితం మీద ఈడీడీ అని కాన్పు తేదీ ఉంటది. దాని నుంచి 146 రోజులు వెనక్కి పోతే 120వ రోజు దొరుకుతది. ఈడీడీ జనవరి 1 అయితే ఆగస్టు 8.

ఏ సోనోగ్రఫీ అనేది ముఖ్యం. మొదటి మూడు నెలల్ల తీసింది అయితే వారం లోపల తేడా. 16 వారాలు దాటినంక మొదటిసారి తీస్తే పది రోజులు అటూ ఇటూ పోవచ్చు. మొదటి రిపోర్టు పారేసి తర్వాతది పట్టుకొని ముఫ్తీ సాబ్ దగ్గరికి పోతే గీత అటు పడుడో ఇటు పడుడో ఎవ్వరు చెప్పలేరు. నెలసరి తేదీ గుర్తులేనోళ్ళకు, బాలింతగ ఉండంగ మళ్ళ కడుపైనోళ్ళకు మొదటి రిపోర్టే దిక్కు.

ఇంకోటి. లోపాలు చూసే పెద్ద సోనోగ్రఫీ 18–20 వారాల మధ్య చేస్తరు. సరిగ్గ గీత మీదనే. 20కి రాసిచ్చి, అపాయింట్‌మెంట్ దొరకక 21కి పోయిందంటే ముస్లిం ఇంట్ల మాట్లాడేందుకు ఏం మిగలదు. 11 నుంచి 13 వారాల 6 రోజుల లోపల చేసే ఎన్‌టీ స్కాన్ (పిండం మెడ వెనక నీరు కొలిచే సోనోగ్రఫీ) తప్పకుండ చేయించాలె, పెద్దదానికి 18 మొదట్లనే తారీఖు తీసుకోవాలె. తలపుర్రె ఏర్పడకపోవుడు లాంటి ఘోరమైన లోపాలు చాలామట్టుకు మొదటి దాంట్లనే కనబడ్తయ్.

బిలోలి_రహ్మత్
కిన్వట్ అక్కా, షుక్రియా. నాలుగో నెల అనంగనే మా దగ్గర చాంద్ నెలలు లెక్కపెడ్తరు. నాలుగు చాంద్ నెలలంటే 118 రోజులే అయితది కదా?

దెగ్లూర్_ఫిఖ్
అవుతుంది రహ్మత్ భాయ్, చాంద్ నెల 29 లేదా 30. అందుకే నెలల్లో చెప్పొద్దు, రోజుల్లో చెప్పండి. “నాలుగో నెల” అని రాసిన ఇస్తిఫ్తాకు (ముఫ్తీకి రాసే ప్రశ్నకు) జవాబు రావడమే కష్టం. నాలుగోది మొదలైందా, నిండిందా?

ఇస్తిఫ్తా కాగితం మీద ఇవి ఉండాలి: మొదటి సోనోగ్రఫీ తేదీ, అందులోని ఈడీడీ. ఈ రోజుకు కడుపు పడి ఎన్ని రోజులు. లోపం పేరు డాక్టర్ రాసినట్టే, పక్కన దాని అర్థం ఉర్దూలో – బిడ్డ బతుకుతుందా, బతికితే ఎలా, వైద్యం ఉందా. తల్లికి ప్రమాదం ఉంటే అది ఎంత అన్నది. ఇద్దరు డాక్టర్ల మాట ఉంటే ఇంకా మంచిది. ఏ మజ్హబ్ అన్నది కూడా రాయండి, నాందేడ్ వైపు దాదాపు అందరూ హనఫీలే అయినా సరే. మరిది ఫోన్ చేసి “బచ్చా ఠీక్ నహీ హై” అని అడిగితే ముఫ్తీ సాబ్ గీత లోపలే ఉన్నా వద్దనే అంటారు. ఆయన తప్పేముంది, చేతిలో ఏమీ లేదు.

ఏది ఉజ్ర్, ఏది కాదు? పేదరికం ఒక్కటే చూపిస్తే నిలబడదు. “పేదరికానికి భయపడి పిల్లలను చంపకండి” అని 17:31లో సూటిగా ఉంది. తల్లి ఆరోగ్యం ఉజ్ర్. చంటిబిడ్డ పాలు తాగుతూ ఉండగా కడుపు వచ్చి పాలు ఎండిపోతే, పాలిచ్చే దాయీని పెట్టుకునే శక్తి తండ్రికి లేకపోతే అదీ ఉజ్రే అని డమాస్కస్ హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ (మరణం 1836) చూపించాడు. డబ్బాపాల కాలంలో ఇది అంతే బలంగా నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న, నా మట్టుకు నిలవదు. బలాత్కారం వల్ల వచ్చిన గర్భం 120 లోపల ఉంటే నేటి ముఫ్తీలు చాలామంది ఒప్పుకుంటారు. పిండం లోపం గురించి మక్కాలోని రాబితా (ముస్లిం వరల్డ్ లీగ్) ఫిఖ్ మండలి 1990లో తేల్చింది: నిపుణులైన డాక్టర్ల బృందం పరీక్షలతో నిర్ధారించాలి, లోపం తీవ్రంగా, వైద్యం లేనిదిగా ఉండాలి, తల్లిదండ్రులు కోరాలి, 120 రోజులు నిండకూడదు. నిండాక లోపం ఎంతటిదైనా కారణం కాదు.

ధర్మాబాద్_మందులషాపు
అంటే 19 వారాల 1 రోజు నుంచి 24 దాకా చట్టం ఒకటి, దీన్ (మతం) ఒకటి.

కిన్వట్_సిస్టర్
అవును. అబార్షన్ చట్టం గిట్లున్నది, 2021 సవరణ తర్వాత: 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. 20–24కు ఇద్దరు, అది గూడ కొందరికే – బలాత్కార బాధితులు, మైనర్లు, కడుపుతో ఉండంగ భర్త పోయినోళ్ళు, విడాకులైనోళ్ళు, పిండానికి లోపమున్నోళ్ళు వగైరా. 24 దాటితే తీవ్రమైన లోపానికి మెడికల్ బోర్డు ఒప్పుకోవాలె, తల్లి ప్రాణం కాపాడేందుకైతే వారాల గీత లేదు. పద్దెనిమిది నిండిన ఆడమనిషి సంతకం ఒక్కటే కావాలె. మొగని సంతకం చట్టంల లేదు. “హస్బెండ్‌ను తోలుకరా” అని వెనక్కి పంపుతున్నరు కొన్ని చోట్ల, అది తప్పు.

ధర్మాబాద్ అన్నా, షాపోళ్ళకే చెప్తున్న: డాక్టర్ చిట్టీ లేకుండ అబార్షన్ గోలీలు ఇయ్యకండి. కడుపు ట్యూబుల పడ్డదైతే గోలీలతోని పోదు, ట్యూబు పలిగి లోపల రక్తం పోతది. సోనోగ్రఫీల గర్భాశయంలనే ఉన్నదని చూసినంకనే గోలీలు, అవి గూడ 9 వారాల లోపలనే.

బల్లార్షా_ప్రభుదాస్
క్రైస్తవుల సంగతి నేను రాస్తాను. బల్లార్షా, రాజురా వైపు తెలుగు సంఘాలు రకరకాలు కాబట్టి ఒకే జవాబు లేదు. కథోలికులకు మాత్రం రాతపూర్వక నియమం ఉంది. కడుపు పడ్డ క్షణం నుంచే తప్పు, రోజుల గీత లేదు. తెలిసి చేయించుకున్నవాళ్ళకు, చేసినవాళ్ళకు దానంతట అదే వెలి పడుతుంది. 1983 కానన్ చట్టంలో (కథోలిక సంఘ నియమావళిలో) అది 1398వ నియమం, 2021 డిసెంబరు నుంచి 1397వది. కానీ పద్దెనిమిది నిండనివారికి, అలాంటి శిక్ష ఉందని తెలియనివారికి, తీవ్రమైన భయంతో చేసినవారికి ఈ వెలి దానంతట అది పడదు. ఫాదర్లు ఈ భాగం చెప్పడం తక్కువ. పాపక్షమ కోసం బిషప్ దాకా వెళ్ళక్కర్లేదు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఆ అధికారం ప్రతి గురువుకూ ఇచ్చారు. ట్యూబులో పడ్డ కడుపుకు ట్యూబు తీసే ఆపరేషన్ తప్పు కాదు, అక్కడ ఉద్దేశం తల్లిని కాపాడడం.

బాప్టిస్టు, మెథడిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో ఇలాంటి శిక్షల పుస్తకం లేదు, పాస్టర్‌ను బట్టి ఉంటుంది.

దెగ్లూర్_శాస్త్రి
మన హిందువులలో భ్రూణహత్య మహాపాతకాల సరసన ఉంది, అది అందరూ చెప్పేదే. అంతగా చెప్పనిది సుశ్రుతుడి మాట. నాలుగో నెలలో హృదయం స్పష్టమై చైతన్యం తెలుస్తుంది, అందుకే తల్లిని “దౌహృదిని”, రెండు హృదయాలది, అన్నాడు. నాలుగో నెల దాకా పోతే స్రావం, ఐదు ఆరు నెలల్లో పోతే పాతం. గర్భోపనిషత్తు మాత్రం జీవుడు ఏడో నెలలో చేరతాడంటుంది. అంటే మనకూ ఒక్క గీత లేదు. అడ్డం తిరిగిన బిడ్డ లోపలే చనిపోతే తల్లిని బతికించడానికి ముక్కలుగానైనా తీయమని సుశ్రుతం మూఢగర్భ చికిత్సలో ఉంది.

మైల గురించి ఎక్కువగా అడుగుతారు. గర్భస్రావమైతే ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రులు అని మనువు (5.66). మూడో నెలలో పోతే మూడు రాత్రులు. పదకొండు రోజులు పట్టించేవాళ్ళు పుట్టిన బిడ్డ లెక్కను దీనికి అంటగడుతున్నారు.

బిలోలి_రహ్మత్
నాందేడ్ అంటే హజూర్ సాహెబ్ గురుద్వారా గదా, సిక్కులది ఎవరన్న చెప్పండి.

బల్లార్షా_ప్రభుదాస్
వాళ్ళ రెహత్ మర్యాదలో (సిక్కుల ప్రవర్తనా నియమావళిలో) అబార్షన్ అన్న నియమం లేదు. ఆడపిల్లను చంపేవాళ్ళతో, కుడీమార్‌తో, సంబంధం పెట్టుకోవద్దని ఉంది. 2001లో సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ ఆడపిండాల హత్యకు వ్యతిరేకంగా హుకుంనామా (ఆదేశం) ఇచ్చింది. ఆడపిల్లని తెలిసి తీయించడాన్ని పైన చెప్పిన ఏ మతమూ సమర్థించదు. 1994 చట్టం ప్రకారం పిండం లింగం అడగడమూ చెప్పడమూ రెండూ నేరమే.

ధర్మాబాద్_మందులషాపు
ఆఖరి ప్రశ్న, దెగ్లూర్ భాయ్‌కి. తీసినంక నమాజ్ సంగతి, దఫన్ (పాతిపెట్టుడు) సంగతి?

దెగ్లూర్_ఫిఖ్
హనఫీ లెక్కలో పోయిన పిండానికి వేలు, గోరు, వెంట్రుక లాంటి ఏ ఒక్క అవయవమైనా కనిపిస్తే వచ్చే రక్తం నిఫాస్ (కాన్పు రక్తం, అప్పుడు నమాజ్ ఉండదు). ఎక్కువలో ఎక్కువ 40 రోజులు, ముందే ఆగితే ముందే గుస్ల్ (శుద్ధి స్నానం) చేసి నమాజ్ మొదలుపెట్టాలి. 40 నిండేదాకా ఆగనక్కర్లేదు, ఇది చాలా ఇళ్ళల్లో తప్పుగా నడుస్తోంది. అవయవం లేని గడ్డ మాత్రమే పోతే అది నిఫాస్ కాదు. మూడు రోజులకు తగ్గకుండా వచ్చి, దానికి ముందు 15 రోజులు శుద్ధంగా ఉంటే హైజ్ (నెలసరి), పది రోజుల దాకా. లేకపోతే ఇస్తిహాజా (నెలసరీ కాన్పూ కాని రక్తం), వుజూ (ముఖం, కాళ్ళూచేతులూ కడుక్కోవడం) చేసుకుని నమాజ్ చదవాల్సిందే. అందుకే ఏం కనిపించిందో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

అవయవాలు ఏర్పడి, ప్రాణం లేకుండా బయటికొస్తే స్నానం చేయించి, గుడ్డలో చుట్టి పాతిపెడతారు, జనాజా (అంత్యక్రియల) నమాజ్ ఉండదు. హంబలీలు నాలుగు నెలలు నిండితే నమాజ్ కూడా చదువుతారు.

కిన్వట్_సిస్టర్
దఫన్ చేసేటోళ్ళు ముందురోజే దవాఖానల రాతపూర్వకంగ అడగాలె. బయోమెడికల్ నియమాల ప్రకారం బతికే వయసు రాని పిండం పసుపు సంచిల పోతది, అక్కడి నుంచి కాల్చే చోటికి పోయే బండికి. పొద్దుగాల బండి పోయినంక అడిగితే ఎవ్వరు ఏం చేయలేరు. అర్జీ కాపీ మీద వార్డు సిస్టర్‌తోని సంతకం, టైము రాయించుకోండి. ఇస్తరా ఇయ్యరా అన్నది గూడ ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి.