విశ్వంభర: గ్రాఫిక్స్ కోసం ఇంతకాలం ఆగాలా?

కర్నూలు కుర్రోడు:
చిరంజీవి విశ్వంభర 2025 సంక్రాంతికి రావాల్సిన సినిమా. 2024 దసరాకు టీజర్ వదిలితే గ్రాఫిక్స్ బాలేవని జనం ఏకిపారేశారు. తర్వాత చిరంజీవే ఒక వీడియోలో, సెకండాఫ్ అంతా వీఎఫ్ఎక్స్ మీదే, అంటే ఈ గ్రాఫిక్స్ మీదే ఆధారపడిందనీ 2026 వేసవికి వస్తామనీ చెప్పారు. నాకైతే సంతోషమే. మనం మెచ్చలేదని మళ్లీ కూర్చుని చెక్కుతున్నారంటే మనకు విలువ ఇచ్చినట్టే కదా? మీరేమంటారు?

కడప కారం:
విలువా పాడా! ఏ షాట్‌కు ఏం కావాలో షూటింగ్‌కు ముందే తేల్చుకోవాలి. తిట్లు తిన్నాక దిద్దుకునేదాన్ని శ్రద్ధ అంటారా అన్నా? ఈలోగా పెరిగే వడ్డీ చివరికి మన టికెట్ మీదే పడుతుంది.

తాడిపత్రి ఆడపడుచు:
ఇద్దరూ గ్రాఫిక్స్ దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్లో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో మాయాబజార్ తీసినప్పుడు కంప్యూటర్ యాడిది? లడ్డూలు వాటంతటవే వచ్చి ఎస్వీఆర్ నోట్లో పడుతుంటే మా పిల్లోడు ఇప్పటికీ కన్నార్పడు. ఈసారి లడ్డూలను వదిలేసి ఎస్వీఆర్ మొహం చూడండి. ఆ కళ్లు, ఆ బుగ్గలు, ఆ తిండియావ! ఆయన నమ్మాడు కాబట్టే మనమూ నమ్మాం. విశ్వంభర టీజర్‌లో వింత జీవాలు బోలెడున్నాయి, వాటిని చూసి నోరెళ్లబెట్టే మొహమే నాకు గుర్తుండలేదు.

కర్నూలు కుర్రోడు:
నిజమే అక్కా, కానీ ఇప్పటి పిల్లలు వీడియో గేములతో పెరిగారు. బొమ్మ తేలిపోతే మొహం దాకా రారు, ఫోన్ తీసుకుంటారు.

తాడిపత్రి ఆడపడుచు:
అందుకే నిజమైన చోటు కావాలంటాను. 2009లో అరుంధతి సినిమాలో చూపించాక బనగానపల్లె నవాబు బంగ్లాకు అరుంధతి బంగ్లా అనే పేరే స్థిరపడిపోయింది. కొలిమిగుండ్ల పక్కన బెలుం గుహలున్నాయి, మూడు కిలోమీటర్లకు పైనే. లోపల ఉక్కపోతకు చొక్కా వీపుకు అంటుకుంటుంది, కొన్నిచోట్ల తల వంచకపోతే రాయి తగులుతుంది. అక్కడ హీరోకు భయపడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు అది తీసి, ఆపైన ఎన్ని రెక్కల గుర్రాలనైనా ఎగరేసుకోండి.

కడప కారం:
గుహలోకి క్రేను ఎట్లా దించుతారక్కా? మా గండికోటకు రమ్మను, పెన్నా లోయ దాకా రోడ్డుంది. కాకపోతే వేసవిలో పొద్దున పది దాటితే మేకప్ కారిపోతుంది. దాన్ని మాత్రం గ్రాఫిక్స్‌లోనే చూసుకోవాల.